దండెం తీగె మీద అవ్వ పాట

మా లక్ష్మత్త పెండ్లినాడు మా అవ్వ ఇంట్లో మంచం మీద పడుకొని పాడిన పాట ఊరవతల కళ్లం దాకా మైకు లేకుండానే వినబడ్డదని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఆమె గొంతు పెద్దదే, కాదనను. వాకిట్లో నిలబడి పిలిస్తే వాగవతల మేకలు తల ఎత్తేవి. కానీ పడుకున్న మనిషి గొంతు ఎంత పెద్దదైనా గడప దాటి పక్కింటి దాకా పోతుంది, అంతే. ఇక మైక్‌సెట్టు చాంద్ చిచ్చా చెప్పేది ఇంకో కథ. ఆయన లెక్కలో అదంతా ఆయన ఆంప్లిఫయర్ మిషన్ మహిమ. అదీ తప్పే. ఆ రోజు పాటను మోసుకుపోయింది తీగె. తీగె అంటే తీగె కూడా కాదు, దాని లావు. ఈ మాట నేను లంగా ఓణీల కాలం నుంచి చెప్తున్నాను. ఇప్పుడు తల సగం తెల్లబడ్డది, ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని రాసి పెడుతున్నాను. రాసిన దాంతో వాదించడం మా వాళ్ళకు చేతకాదు.

దీనికంతటికీ మూలం మొన్న వనపర్తిలో మా ఇంటికి వచ్చిన హోం థియేటర్. మా ఆయన ముచ్చటపడి తెచ్చాడు. పెట్టె విప్పితే ముందు పెట్టే స్పీకర్లు, సోఫా వెనుక పెట్టే స్పీకర్లు, ఊగిపోయే ఒక పెద్ద డబ్బా, వాటన్నిటికీ కలిపి దారం పోగులాంటి సన్న వైరు బయటపడ్డాయి. టీవీ ఒక గోడకుంది, సోఫా ఎదుటి గోడకుంది. నడిమింట్లో అడ్డంగా వైరు వేస్తే అందరి కాళ్ళకూ తగులుతుంది కాబట్టి గోడ వెంబడి, రెండు తలుపుల మీదుగా తిప్పాలి. అట్లా తిప్పితే కంటికి కనిపించే దూరానికి మూడింతలు అవుతుంది. నేను షాపుకు పోయి లావు రాగి వైరు కొనుక్కొచ్చాను. షాపతను లావు ఒకటిన్నరదా రెండున్నరదా అని అడిగితే రెండున్నరదే ఇమ్మన్నాను. మా ఆయన దాన్ని చేతిలో తూచి చూసి మొదలుపెట్టాడు.

"గింత లావు వైరు దేనికి? బోరు మోటరుకా?"

"తొవ్వ పొడుగు చూసిండ్రా? పొడుగు పెరిగితే లావు పెరగాలె."

"కంపెనీవాడు పిచ్చోడా మరి, సన్నది ఇచ్చెటందుకు?"

"కంపెనీవాడు వచ్చి మన ఇల్లు చూసిండా? మన తలుపులు లెక్కబెట్టిండా?"

సరిగ్గా ఆ వాదులాట నడుమ చాంద్ చిచ్చా దిగాడు. బల్మూర్ దిక్కు మా ఊరి నుంచి కండ్ల దవాఖానకు వచ్చి, పని అయిపోయాక మా ఇంట్లో అన్నం తిని పోదామని వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకొని సోఫాలో కూర్చొని, స్పీకర్లను ఒక్కొక్కటిగా వేలితో కొట్టి చూసి, చిన్నపిల్లల ఆటబొమ్మల్ని చూసినట్టు నవ్వాడు. "జర ఊకుండవమ్మా నువ్వు" అన్నాడు నాతో. "సౌండు వైర్ల ఉంటదా? మిషన్ల ఉంటది. మీ మేనత్త పెండ్లికి మీ అవ్వ పాట ఎట్ల మోగింది, యాదిలేదా? నా మిషన్ గాదా అది?"

మా ఆయనకు పండుగైంది. నేను గరిటె కింద పెట్టాను.

ఆ ఇంటి సంగతి చెప్పకుండా ఆ పెండ్లి సంగతి చెప్పలేను. మాది మెట్ట సేద్యం. ఆముదాలు, జొన్నలు, కందులు. ఇల్లంతా ఆముదపు కాయల వాసన, దాని మీద తడి గొంగళ్ళ వాసన. గొంగడి తడిస్తే గొర్రె మళ్ళీ బతికొచ్చి ఇంట్లో పడుకున్నట్టు ఉంటుంది. వానలో తడిసిన గొంగడి బరువుకు మామూలు తాడు తెగిపోతుంది కాబట్టి మా గల్లీలో ప్రతి ఇంటి ముందూ రెండు గుంజలు పాతి, చిటికెన వేలంత లావు ఇనుప తీగెతో దండెం కట్టేవారు. అవ్వ పొద్దున లేవగానే ఆ దండెం కిందే నిలబడి మొఖం కడుక్కునేది, అక్కడి నుంచే ఊరి మీద తీర్పులు చెప్పేది. కోడి ఆలస్యంగా కూస్తే కోడిని, పాలు పలుచగా వస్తే బర్రెను, ముగ్గు వంకరగా పడితే మా అమ్మను, ఎవరినీ వదిలేది కాదు. అదీ మామూలుగా తిట్టేది కాదు, రాగం తీసి తిట్టేది. తిట్టు అయిపోయేసరికి తిట్టు తిన్నవాళ్ళు కూడా తాళం వేసేవారు. "నోరు అవ్వది వచ్చింది దీనికి" అని మా అమ్మ నన్ను తిట్టేది. నాకది తిట్టులా వినబడేది కాదు.

మా దిక్కు పెండ్లిలో ఆడవాళ్ళకు ఒక యుద్ధం ఉంటుంది. పిల్ల తరఫువాళ్ళు పిలగాని తరఫువాళ్ళను, వాళ్ళు వీళ్ళను, పాటలతో ఎత్తిపొడుచుకుంటారు. అప్పటికప్పుడు కట్టి పాడాలి. ఎదుటివాళ్ళ పాటకు జవాబు లేక ఆగిపోతే ఓడినట్టు. ఆ ఓటమి పెండ్లయి పిల్లలు పుట్టాక కూడా యాదిలో ఉంటుంది. మా చుట్టుపక్కల అవ్వను ఓడించినవాళ్ళు లేరు. కానీ లక్ష్మత్తను అడిగింది అమరచింతవాళ్ళు. పిలగాని మేనత్త ఒకావిడ ఉండేది, సన్నగా, వక్కపలుకు నములుతూ. నిశ్చయానికి వచ్చిన రోజు అవ్వకూ ఆవిడకూ పాటల పోటీ పడింది. చీకటి పడే వేళకు ఎవరూ ఓడలేదు. బండి ఎక్కుతూ ఆవిడ, "పెండ్లినాడు తేల్చుకుందాం వదినా" అన్నది. "నోరు కడుక్కొని రా" అన్నది అవ్వ.

పెండ్లి ఇంక వారం ఉందనగా అటక మీది గంగాళం దించబోయి అవ్వ బస్తా మీది నుంచి జారింది. కాలు విరిగింది. కట్టు కట్టినాయన వెదురు బద్దలు వేసి, కదిలిస్తే కాలు వంకర పోతుందని చెప్పిపోయాడు. వాకిలి చిన్నది కాబట్టి పందిరి ఊరవతల కళ్లంలో వేస్తున్నారు. మంచంతో సహా మోసుకుపోదామని మా నాయిన అన్నాడు. అవ్వ లేవలేదు గానీ గొంతు లేచింది. "మంచం మీద మోసేది పీనుగను రా కొడకా. బిడ్డ పెండ్లికి గట్ల వస్తనా నేను? మంచి శకునమే!" కాసేపు గోడ దిక్కు తిరిగి పడుకుంది. తరువాత మెల్లగా అన్నది, "నా కడగొట్టు బిడ్డ పెండ్లికి నేను మూగదాన్ని గావాల్నా?" లక్ష్మత్త అవ్వ కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చింది. అప్పుడు అవ్వే తోవ చెప్పింది. "చాంద్‌ను పిలువుండ్రి. ఆ బూర కళ్లంకాడ పెట్టుమను. మైకు మూతి నా కాడ పెట్టుమను."

చిచ్చా వచ్చాడు. ఆయన మిషన్ మీద వాళ్ళింటామె కుట్టిన పూల గుడ్డ ఒకటి ఉండేది, అది తీయడమే ఒక తంతు. కళ్లంలో కరెంటు లేదు, మా ఇంట్లో ఉంది. కాబట్టి మిషన్ అవ్వ మంచం పక్కన పెట్టి, అక్కడి నుంచి కళ్లంలో బూర, అంటే లౌడ్‌స్పీకర్, దాకా వైరు లాగాలి. మంచి లావు రాగి వైరు చుట్ట గద్వాల దిక్కు ఒక జాతరకు పోయి ఇంకా తిరిగి రాలేదు. మిగిలింది పందిళ్ళకు రంగు బల్బులు కట్టే సన్న వైరు. అదే లాగాడు. పెండ్లికి ముందురోజు సాయంత్రం పరీక్ష. అవ్వ మైకు మూతిని అనుమానంగా చూసి, "ఒసే లక్ష్మీ, జొన్నలు కోళ్ళు తింటున్నయ్ చూడవే" అన్నది. నేను కళ్లంలో బూర కింద నిలబడ్డాను. సీసాలో పడ్డ ఈగ మాట్లాడినట్టు వచ్చింది. చిచ్చా మిషన్ పెంచాడు. ఈగ పెద్దగా కాలేదు, దాని గొంతు పగిలింది. నేను ఇంటికి ఉరికొచ్చేసరికి మిషన్ కాలిన దుమ్ము వాసన వేస్తోంది.

"బూర పాతదైంది" అన్నాడు చిచ్చా.

"బూర గాదు చిచ్చా, వైరు" అన్నాను. ఆ ఏడే మాకు బడిలో నిరోధం పాఠం చెప్పారు. తీగె పొడుగైతే అడ్డు పెరుగుతుంది, లావైతే తగ్గుతుంది. "నీ వైరు ఇంత పొడుగు, ఇంత సన్నం. మిషన్ల బయలెల్లిన బలమంత తొవ్వల్నే అయిపోతుంది. బూర దాకా ఏమొస్తది?"

"నువ్వు బుక్కు చదివినవ్ బిడ్డా, నేను బూరలు కట్టిన."

"కట్టినవ్, మోగుతలేదు గద?"

మా అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది, పెద్దలతో అట్లా మాట్లాడుతావా అని. అవ్వ మాత్రం మంచం మీద నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమే, లావు తీగె దొరికితే నా పాట పోతదా?" అన్నది. పోతుందన్నాను. "ఊర్ల లావు తీగె ఏడున్నది మరి?" అన్నది. నేను వాకిట్లోకి చూశాను. ఎదురుగా దండెం. దాని మీద నాయిన గొంగడి, ఎప్పటిలా.

అందరూ నవ్వారు. చిచ్చా అయితే కళ్ళు తుడుచుకొని నవ్వాడు. "ఇనుమా! ఇనుముల రాగి లెక్క పారుతదా?" పారదు, నేనూ ఒప్పుకున్నాను. కానీ ఇనుము రాగి కన్నా ఎంత మొండిదైనా, ఈ తీగె ఆయన వైరు కన్నా అంతకు ఎన్నో రెట్లు లావు. రెండూ పక్కపక్కన పట్టి చూపించాను. చిచ్చా నవ్వు ఆపాడు. మా ఇంటి నుంచి కళ్లం దాకా ఒకటే గల్లీ, రెండు దిక్కులా ఇండ్లు, ఇంటికొక దండెం. ఈ దిక్కు దండేలన్నీ కలిపితే ఒక తీగె, ఆ దిక్కువన్నీ కలిపితే రెండో తీగె. బూరకు కావాల్సింది రెండే. "పిల్లలు ముట్టుకుంటే?" అని మా అమ్మ భయపడింది. "మాట పోయే తీగె వదినా, ఏం గాదు" అన్నాడు చిచ్చా, అప్పటికే అది తన ఆలోచన అయినట్టు.

ఆ సాయంత్రం మా గల్లీని చూడాల్సింది. పెండ్లి పూట బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని తిట్టుకుంటూనే ఆడవాళ్ళు దండేలు ఖాళీ చేశారు. కొస కొసనా తుప్పు పోయేదాకా ఇటుక పొడి, చింతపండు పెట్టి రుద్దారు, పండుగకు ఇత్తడి తోమినట్టు. దండేనికీ దండేనికీ నడుమ ఉన్న సందుల్లో చిచ్చా తన సన్న వైరునే నాలుగైదు పేటలు పేని, జడల్లా అల్లి, గట్టిగా చుట్టాడు. తడి చీరలు, పంచెలు, గొంగళ్ళు అన్నీ ఇండ్ల కప్పుల మీదికీ కంప చెట్ల మీదికీ ఎక్కాయి. ఊరికి కొత్తగా వచ్చినవాడు చూస్తే వరద వచ్చిపోయిందనుకునేవాడు.

మరునాడు పొద్దెక్కాక అమరచింత బండ్లు వచ్చాయి. నేను అవ్వ మూతి దగ్గర మైకు పట్టుకొని కూర్చున్నాను. అవ్వ తలకు నూనె రాసి, కొత్త చీర కప్పి, పడుకోబెట్టే పెండ్లి పెద్దను చేశారు. ఆమె ఎదురుకోలు పాట ఎత్తుకుంది. రెండో చరణానికి ఆగి చెవి నిక్కించింది. గల్లీ చివర నుంచి, కళ్లం దిక్కు నుంచి, నిండుగా, గంట కొట్టినట్టు ఒక గొంతు తిరిగి వస్తోంది. "ఎవతే అది, అచ్చం నా లెక్కనే పాడుతుంది?" అన్నది. నువ్వే అవ్వా, అన్నాను. అవ్వ మొఖంలో అప్పుడు వచ్చిన సిగ్గు, మురిపెం నేను మళ్ళీ చూడలేదు. తన గొంతును తాను దూరం నుంచి వినడం ఆమెకు అదే మొదలు.

అంతలో తిరిగొచ్చే పాట పుటుక్కున ఆగింది. చిచ్చా బయటికి ఉరికాడు. నడి గల్లీలో, ఇండ్లు దగ్గరగా ఉండే ఇరుకు దగ్గర, రాములమ్మ పెద్దమ్మ తలంటుకొని వచ్చి, ఎండలో ఖాళీ దండెం కనబడేసరికి, ఆలోచించకుండా తడిచీర విసిరేసింది. ఎన్నో ఏండ్ల అలవాటు. ఆ బరువుకు గుంజ గల్లీలోకి ఒరిగి, తీగె పోయి ఎదురు దిక్కు తీగెను ముద్దు పెట్టుకుంది. కళ్లంలో బూర మూగబోగానే అమరచింతవాళ్ళు చప్పట్లు కొట్టారట. చీర తీశారు. కానీ ఇంకెవరు ఏం ఆరేస్తారో, ఏ మేక గుంజకు రాసుకుంటుందో ఎవరికి తెలుసు? అందుకని గుంజకొక ఆడమనిషి చొప్పున నిలబడి, కర్రలతో తీగెలు కలవకుండా ఎడంగా పట్టుకున్నారు. అవ్వకు కళ్లంలో వాళ్ళు పాడేది ఎట్లా తెలియాలనే చిక్కు కూడా దాంతోనే తీరింది. వరుసగా నిలబడ్డ ఆడవాళ్ళే ఆ పాటను నోటినోటా మంచం దాకా తెచ్చారు. పోయేది తీగె మీద, వచ్చేది నోటి మీద. ఒక్కొక్క గుంజ దగ్గర ఒక్కొక్క చిటికెడు కారం కూడా కలిసి ఉంటుంది, మా గల్లీ నాకు తెలియదా.

మొదటి పాట వచ్చింది.

"పందిరేమో పెద్దది, పప్పేమో సన్నది,
పిల్లతల్లి నోరేమో పెట్టెల్ల ఉన్నది!"

అవ్వ కళ్ళు మెరిశాయి. ఊపిరి కూడా తీసుకోలేదు.

"పెట్టెల్ల నోరున్న పెద్దింటిదాన్ని,
పొట్టంత నోరున్న మీకేమి ఎరుక!"

కళ్లంలో పుట్టిన నవ్వు గల్లీ వెంబడి గుంజ గుంజకూ నడిచొచ్చి మా గడపలో కూలబడింది. అమరచింత మేనత్త తక్కువదేం కాదు. వాళ్ళ ఊరు కన్నడ సరిహద్దుకు దగ్గర, తిండిని ఊట అంటారు.

"ఊటకు రమ్మని ఊరు దాటిస్తిరి,
నీళ్ళని అడిగితే బాట చూపిస్తిరి!"

"బాట చూపిస్తేను బావికాడికి పోక
పాశెం బానకాడ పనేంది మీకు!"

చిచ్చా మిషన్ మీద చెయ్యి పెట్టి, వేడెక్కిందో లేదో చూసుకుంటూ, ప్రతి పాటకూ "షాబాష్ అమ్మీ" అంటున్నాడు. అట్లా ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో. అవ్వ కాలి నొప్పి మరిచిపోయింది. కట్టు కట్టిన కాలితోనే తాళం వేయబోయి "అమ్మో" అని మళ్ళీ పాటలో పడింది.

చివరికి కళ్లంలో అమరచింత మేనత్త ఒక పొడుగు పాట ఎత్తుకుంది. మాకు రాగం లీలగా అందుతోంది, మాటలు లేవు. పాట అయిపోగానే నవ్వు కాదు, ఒక కేరింత లేచింది. ఆ పాట గుంజ గుంజకూ వస్తూ వస్తూ రాములమ్మ పెద్దమ్మ దగ్గర ఆగిపోయింది. నేను గడప దగ్గరికి వచ్చి చూశాను. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకొని, కర్ర వదలకుండా, గుంజకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. ఆ తరువాతి గుంజ దగ్గరున్నావిడ "ఏందే, చెప్పు" అంటే తల అడ్డంగా ఊపింది. ఇంతలో కళ్లంలో సన్నాయి అందుకుంది, ముహూర్తం. "ఏమన్నరే వాళ్ళు?" అన్నది అవ్వ. ఏమనలేదంట అవ్వా, అన్నాను. "ఏమనకుంటే గంత లొల్లి ఎందుకే?" అన్నది. తరువాత సన్నాయితో పాటు బిడ్డను దీవించే పాట ఎత్తుకుంది. కళ్లంలో లక్ష్మత్త తల వంచుకొని ఆ పాట విని, బూర దిక్కు తిరిగి దండం పెట్టిందట.

ఇదీ జరిగింది. మా ఇంట్లో మొన్న చాంద్ చిచ్చాకూ ఇదే చెప్పాను. ఆయన విని, పాయసం గిన్నె గీకి, "తీగె మాట నిజమే అనుకో, మిషన్ లేకుంటే తీగె ఏం జేస్తది?" అన్నాడు. ఈ జన్మకు ఇంతే ఒప్పుకోలు అని నేనూ ఊరుకున్నాను. లావు వైరే వేశాం. మా ఆయన ఏదో సినిమా పెడితే సోఫా వెనుక వాన కురిసింది. చిచ్చా ఉలిక్కిపడి వెనక్కి చూసి, "కిటికీ వెయ్యుండ్రి" అన్నాడు. మా ఆయన ఇప్పటికీ అది స్పీకర్ల గొప్పే అంటాడు, వైరు ఊసెత్తడు.

బాగుంది, కాదనను. వాన బాగుంది, ఉరుము ఇంకా బాగుంది. కానీ ఇంత చక్కటి చప్పుడుకు ఎదురు జవాబు చెప్పే వీలు లేకపోవడం నాలాంటిదానికి శిక్ష. అప్పుడు తీగెకు ఆ కొసన ఒక మనిషి కాచుకొని ఉండేది, ఈ కొసన ఒక మనిషి కాచుకొని ఉండేది, నడుమ గుంజకొకరు నిలబడేవారు. ఇప్పుడు మేము సోఫాలో వరుసగా కూర్చుంటాం, అంతా మా దిక్కే వస్తుంది, మేము పంపేది ఏమీ లేదు. నేను అప్పుడప్పుడు టీవీని తిడతాను. మా ఆయన సౌండు పెంచుతాడు.

ఆ పోటీలో మేమే గెలిచామని మా ఊళ్ళో అందరూ అంటారు. నాకు మాత్రం లెక్క తేలలేదు. చివరి పాట వాళ్ళది, దానికి జవాబు పోలేదు. రాములమ్మ పెద్దమ్మ ఇప్పుడు కల్వకుర్తిలో బిడ్డ దగ్గర ఉంటోంది. పోయినప్పుడల్లా అడుగుతాను. పండ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, అప్పటిలాగే ఊగి ఊగి నవ్వుతుంది, చెప్పదు. ఎంతటి తిట్టునైనా ఇంకొంచెం ఉప్పు కలిపి ముందుకు నెట్టే మనిషి, దాన్నొక్కదాన్ని ఎందుకు ఆపింది? అది తిట్టు కాదేమో, మా అవ్వను మెచ్చుకున్న పాటేమో అని కూడా అనుకున్నాను. మెచ్చుకుంటే అవ్వకు నిజంగానే జవాబు దొరకదు. ఆనాడు విన్న మిగతావాళ్ళను అడిగితే కొందరు మరిచిపోయామన్నారు, కొందరు నవ్వి తప్పించుకున్నారు. ఇక ఉన్నది లక్ష్మత్త. పందిట్లో పీటల మీద కూర్చొని చెవులారా విన్నది ఆమె. నిన్న అమరచింతకు ఫోన్ చేసి అడిగితే, ఇన్నేండ్ల తరువాత మా మేనత్త ఏమన్నదో తెలుసా? "అది మా ఇంటి పాటనే. మీకెట్ల చెప్త?"

చెప్పకపోతే పోనీ. లక్ష్మత్తా, ఒక్కటి మాత్రం అడుగుతాను, ఆ కళ్లంలో అంత మందిని కేరింతలు కొట్టించి, మా గల్లీ ఆడవాళ్ళ నోళ్ళకు తాళం వేసిన ఆ పాటకు జవాబు కట్టడం మా అవ్వ నోరు పుణికిపుచ్చుకున్న నా వల్ల అవుతుందా, కాదా?